ఇంటివాళ్ళనే పరాయివాళ్ళనుకొన్న కాపలా: థైరాయిడ్ జబ్బు వెనుక ఉన్న చరిత్ర



మహిళా విభాగం వాళ్ళు పెట్టిన వైద్య శిబిరం అయిన తర్వాత మన గుంపులో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తా ఉంది. "ఇన్నేళ్ళుగా అయోడిన్ ఉప్పే వాడుతున్నాము గదా, మరి మాకు థైరాయిడ్ ఎందుకు వచ్చింది?" అడిగినవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు. కొందరి ఇంట్లో తల్లికీ ఉంది, కూతురికీ ఉంది. దీనికి తోడు ఒక సందేశం కూడా గుంపులో తిరిగింది. ఇమ్యూనిటీ పెంచే కషాయం నలభై రోజులు తాగితే థైరాయిడ్ మాత్ర అక్కరలేదట. దాన్ని నమ్మి మన ఇళ్ళలో ఒక చెల్లెలు మాత్ర నిలిపేసింది. రెండు నెలల్లో ముఖం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మేడమెట్లు ఎక్కలేని స్థితికి వచ్చింది. మళ్ళీ మాత్ర మొదలుపెట్టినాక కోలుకొంది.

మందు సంగతి డాక్టర్లు చెప్పాలి, మేము చెప్పకూడదు. కానీ ఈ జబ్బు ఎక్కడ పుడుతుంది, ఉప్పుకూ దీనికీ సంబంధం ఎంత, ఇమ్యూనిటీ పెంచడం దీనికి ఎందుకు మందు కాదు అన్న మూడు ప్రశ్నలకూ చరిత్రలో జవాబు ఉంది. మంచి చరిత్ర. అందులో జపాన్‌లో ఒక పల్లె వైద్యుడు ఉన్నాడు, అమెరికాలో కుందేళ్ళు ఉన్నాయి, మన శ్రీకాకుళం బిడ్డ ఒకాయన కూడా ఉన్నాడు. కాస్త పొడుగైనా ఓపికగా చదవండి.

గొంతు మీది డాలు

థైరాయిడ్‌ను తెలుగు పాఠ్యపుస్తకాల్లో అవటు గ్రంథి అంటారు. మేము చదివింది తమిళ మీడియం. అక్కడ గ్రంథిని "సురప్పి" అంటారు, అంటే ఊటలాగా ఊరేది. ఆ మాటలోనే దాని పని ఉంది. గొంతు ముందుభాగంలో, సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టు, ఇరవై గ్రాముల అటూఇటూ బరువుతో ఉంటుంది. 1656లో థామస్ వార్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనికి "డాలు ఆకారం" అని అర్థం వచ్చే గ్రీకు మాటతో పేరు పెట్టినాడు. దాని పని ఏమిటో ఆయనకు తెలియదు. మెడను గుండ్రంగా, అందంగా ఉంచడానికి దేవుడు పెట్టినాడని రాసుకొన్నాడు.

అసలు పని చాలా పెద్దది. మనం తినే అయోడిన్‌ను పట్టుకొని, దానితో హార్మోన్ తయారు చేసి నెత్తురులోకి వదులుతుంది. ఒళ్ళు ఎంత వేడిగా ఉండాలి, గుండె ఎంత వేగంగా కొట్టుకోవాలి, తిన్న తిండి ఎంత త్వరగా ఖర్చు కావాలి, కడుపులోని బిడ్డ మెదడు ఎట్లా పెరగాలి, ఇవన్నీ ఆ హార్మోన్ మీద ఆధారపడినవే. తక్కువైతే ఒళ్ళంతా మందగిస్తుంది. ఎక్కువైతే ఒళ్ళంతా పరుగు తీస్తుంది.

మొదటి కథ: ఉప్పు

గొంతువాపును మనవాళ్ళు గళగండం అన్నారు. సుశ్రుతుని కాలం నుంచి తెలిసినదే. సముద్రానికి దూరంగా, కొండల్లో ఉండేవాళ్ళకు ఇది ఎక్కువ. హిమాలయం అడుగున ఉన్న పల్లెల్లోనూ, యూరప్‌లో ఆల్ప్స్ కొండల్లోనూ వీధికి పదిమంది గొంతువాపుతో కనబడేవాళ్ళు.

1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్డ్ కుర్తువా తుపాకిమందుకు కావలసిన ఉప్పు కోసం సముద్రపు పాచి బూడిదతో పని చేస్తుంటే ఊదారంగు ఆవిరి లేచింది. అదే అయోడిన్. 1820లో జెనీవాలో క్వాందే అనే వైద్యుడు దాన్ని గొంతువాపుకు మందుగా ఇచ్చినాడు. 1895లో జర్మనీలో యూజెన్ బౌమన్ థైరాయిడ్ లోపలే అయోడిన్ ఉందని కనిపెట్టినాడు. అయోడిన్ దొరకకపోతే గ్రంథి ఇంకా ఇంకా కష్టపడుతుంది, కష్టపడి వాస్తుంది. లెక్క సరిపోయింది.

మన దేశంలో ఈ లెక్కను నిలబెట్టినవాడు తెలుగువాడు. డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1921లో శ్రీకాకుళంలో పుట్టినాడు, విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాలలో చదివినాడు. తర్వాత మన నీలగిరి కొండ మీద కూనూరులో ఉండిన పోషకాహార పరిశోధనశాలలో పని చేసినాడు. ఆ శాల తర్వాత హైదరాబాదుకు పోయి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది. కూనూరు రైలు ఎక్కినవాళ్ళందరికీ ఆ ఊరు తెలుసు, అక్కడ ఇంత పని జరిగిందని తెలిసినవాళ్ళు తక్కువ. ఆ శాలను మొదలుపెట్టిన రాబర్ట్ మెకారిసన్ కూడా అంతకు ముందు గిల్గిత్ కొండల్లో గొంతువాపు మీద పరిశోధన చేసినవాడే.

1956లో రామలింగస్వామి, ఆయన తోటివాళ్ళు కాంగ్రా లోయకు పోయినారు. అది ఇప్పుడు హిమాచల్‌లో ఉంది, అప్పుడు పంజాబు. లోయను మూడు భాగాలు చేసినారు. రెండు భాగాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మధ్య భాగానికి మామూలు ఉప్పు. ఆరేళ్ళ తర్వాత చూస్తే అయోడిన్ ఉప్పు తిన్న రెండు చోట్లా గొంతువాపు బాగా తగ్గింది. మామూలు ఉప్పు తిన్నచోట తగ్గలేదు. తర్వాత వాళ్ళకూ అయోడిన్ ఉప్పే ఇచ్చినారు. 1962లో భారత ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ కార్యక్రమం మొదలుపెట్టింది. మన వంటింట్లో ఉన్న ఉప్పు పొట్లం మీద అయోడిన్ అని రాసి ఉండడానికి వెనుక ఈ పని ఉంది. రామలింగస్వామి తర్వాత ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్ అయినాడు, భారత వైద్య పరిశోధన మండలికి నాయకత్వం వహించినాడు.

కాబట్టి ఉప్పు తప్పు కాదు. ఉప్పు తీర్చింది ఒక జబ్బును. ఈనాడు మన ఇళ్ళల్లో కనబడేది చాలావరకు రెండో జబ్బు. రెండూ ఒకే గ్రంథికి వస్తాయి, రెండింటికీ పేరు థైరాయిడ్ అనే అంటాము. చిక్కు అక్కడే ఉంది.

గ్రంథి పోతే ఏమవుతుంది

రెండో జబ్బు కథకు ముందు, గ్రంథి పనిచేయకపోతే ఏమవుతుందో ఎట్లా తెలిసిందో చెప్పాలి. 1873లో లండన్‌లో విలియం గల్ అనే వైద్యుడు నడివయసు ఆడవాళ్ళను కొందరిని చూసి రాసినాడు. ముఖం ఉబ్బు, చర్మం దళసరి, మాట నిదానం, ఆలోచన మందం. కారణం ఆయనకు తెలియలేదు.

కారణం స్విట్జర్లాండ్‌లో తెలిసింది, అదీ బాధాకరమైన దారిలో. బెర్న్ నగరంలో థియోడర్ కోహర్ గొంతువాపుకు శస్త్రచికిత్స చేయడంలో ప్రపంచంలోనే దిట్ట. ఆయన కత్తి కింద రోగులు బతికి బయటపడేవాళ్ళు, ఆ కాలానికి అది పెద్ద మాట. గ్రంథి మొత్తం తీసేసిన పాత రోగులను పిలిపించి చూస్తే చాలామంది ముఖం ఉబ్బి, మందకొడిగా అయిపోయి ఉన్నారు. 1883లో ఆయనే ఈ సంగతిని దాచకుండా లోకానికి చెప్పినాడు, మొత్తం గ్రంథిని తీసే పద్ధతి మానుకొన్నాడు. 1909లో నోబెల్ బహుమతి వచ్చింది.

తర్వాత 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ మర్రే అనే యువ వైద్యుడు గొర్రె థైరాయిడ్ రసం తీసి 46 ఏళ్ళ ఒకామెకు సూదిమందుగా ఇచ్చినాడు. కొన్ని నెలల్లో ఆమె మనిషి అయింది. తర్వాత నోటిద్వారా ఇచ్చినారు. ఆమె ఇంకా 28 ఏళ్ళు బతికి 1919లో పోయింది. ఆమె కోసం 870కి పైగా గొర్రెల గ్రంథులు ఖర్చయినాయని మర్రే తర్వాత లెక్క చెప్పినాడు. 1914 క్రిస్మస్ నాడు అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ ఆ హార్మోన్‌ను విడదీసినాడు. 1926, 1927లలో చార్లెస్ హారింగ్టన్ దాని నిర్మాణం కనిపెట్టి, జార్జ్ బార్జర్‌తో కలిసి ప్రయోగశాలలో తయారు చేసినాడు. ఈనాడు మన అక్కచెల్లెళ్ళు పొద్దున వేసుకొనే చిన్న మాత్రకు ఇదీ వంశవృక్షం. 870 గొర్రెల పని చేస్తున్న మాత్రను ఒక వాట్సాప్ సందేశం చూసి పక్కన పెట్టడం న్యాయమా, మీరే చెప్పండి.

నలుగురు ఆడవాళ్ళు, ఒక పల్లె వైద్యుడు

ఇప్పుడు రెండో జబ్బు. జపాన్‌లో ఇగా అనే ప్రాంతంలో వైద్యుల కుటుంబంలో 1881లో హషిమోతో హకారు పుట్టినాడు. ఫుకువోకాలో వైద్యం చదివి, అక్కడే శస్త్రచికిత్స విభాగంలో చేరినాడు. గొంతువాపుకు ఆపరేషన్ చేసి తీసిన నాలుగు గ్రంథులను సూక్ష్మదర్శిని కింద చూసినాడు. నలుగురూ ఆడవాళ్ళే, నలుగురూ నలభై దాటినవాళ్ళే. ఆ గ్రంథుల్లో ఉండకూడనివి ఉన్నాయి. తెల్లరక్తకణాల్లో లింఫోసైట్లు అనే రకం గుంపులు గుంపులుగా వచ్చి కూర్చున్నాయి. హార్మోన్ తయారు చేసే కణాలు నలిగిపోయి ఉన్నాయి.

ఇది అంతకుముందు ఎవరూ చెప్పని జబ్బు అని ఆయనకు తోచింది. 1912లో జర్మన్ భాషలో, జర్మనీ పత్రికలో ముప్పై పేజీల వ్యాసం రాసినాడు. అప్పటికి వయసు ముప్పై ఒకటి. తర్వాత జర్మనీకి పోయి చదివినాడు, మొదటి ప్రపంచ యుద్ధం రావడంతో ఇంగ్లండ్ మీదుగా తిరిగివచ్చినాడు. తండ్రి లేకపోవడంతో సొంత ఊరిలో కుటుంబ వైద్యశాలను చూసుకొన్నాడు. దూరపు పల్లెలకు రిక్షాలో పోయి రోగులను చూసేవాడు. 1934లో టైఫాయిడ్ వచ్చి 52 ఏళ్ళకే పోయినాడు.

ఆయన వ్యాసాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఇది వేరే జబ్బుకు తొలిదశ అని పశ్చిమదేశాల వైద్యులు కొట్టిపారేసినారు. 1931లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎలన్ గ్రహామ్, మెకల్లా అనే ఇద్దరు ఇది వేరే జబ్బే అని రాసి, హషిమోతో పేరు ముందుకు తెచ్చినారు. తన పేరు ప్రపంచమంతా ప్రతి ల్యాబు చీటీలో నిలిచిపోతుందని ఆ పల్లె వైద్యునికి తెలియనే తెలియదు.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. సూక్ష్మక్రిములు లేవు, పుండు లేదు. మరి కాపలా కణాలు ఆ గ్రంథిలో ఎందుకు చేరినాయి? ఎవరితో యుద్ధం చేయడానికి?

యాభై ఏళ్ళు దారి మూసిన ఒక మాట

ఆ జవాబు ఇంకా ముందే వచ్చి ఉండవచ్చు. అడ్డుపడింది ఒక గొప్ప మనిషి చెప్పిన మాట. జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే శాస్త్రవేత్త 1900 ప్రాంతంలో మేకలతో ప్రయోగం చేసినాడు. ఒక మేకకు ఇంకో మేక రక్తం ఎక్కిస్తే దాన్ని నాశనం చేసే ప్రతిరక్షకాలు, అంటే యాంటీబాడీలు, పుట్టినాయి. అదే మేక రక్తాన్ని దానికే ఎక్కిస్తే పుట్టలేదు. శరీరం తనను తాను విషంగా చూడడానికి భయపడుతుంది అనే అర్థంలో ఆయన లాటిన్‌లో ఒక మాట చెప్పినాడు: హారర్ ఆటోటాక్సికస్.

ఎర్లిక్ నిజంగా చెప్పింది, అట్లాంటి దాడి జరగకుండా ఒంట్లో ఒక కట్టడి ఉండాలి, ఆ కట్టడి తప్పితే జబ్బు రావచ్చు అని. ఆయన వెనుక వచ్చినవాళ్ళు అర్థం చేసుకొన్నది, అట్లాంటి దాడి జరగనే జరగదు అని. పెద్దలు చెప్పిన మాటలో సగం పట్టుకొని సగం వదిలేయడం మన సంఘాల్లోనే కాదు, శాస్త్రంలోనూ ఉంది. 1904లోనే వియన్నాలో డోనాత్, లాండ్‌స్టైనర్ అనే ఇద్దరు చలికి సొంత రక్తకణాలే పగిలిపోయే జబ్బులో సొంత కణాల మీదే పనిచేసే ప్రతిరక్షకం ఉందని చూపించినారు. అయినా అది ఒక విచిత్రం అని పక్కన పెట్టినారు.

1956

1956 అంటే మనవంటివాళ్ళకు వెంటనే గుర్తుకు వచ్చేది నవంబరు 1. భాషల లెక్కన రాష్ట్రాల గీతలు గీసిన సంవత్సరం. తరతరాలుగా తమిళనేల మీద, కన్నడనేల మీద, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్న మనము ఇంటివాళ్ళమా, పైవాళ్ళమా అని కాగితాల్లో అడగడం మొదలైన కాలం. విచిత్రం ఏమంటే, శరీరం లోపల ఎవరు ఇంటివాళ్ళు, ఎవరు పైవాళ్ళు అన్న ప్రశ్నకు జవాబు దొరికింది కూడా ఆ సంవత్సరమే. అదీ మూడు ఖండాల్లో.

మొదటిది అమెరికాలోని బఫలో నగరం. అక్కడ ఎర్నెస్ట్ విటెబ్‌స్కీ అనే ఆచార్యుడు ఉన్నాడు. జర్మనీలో పుట్టి పెరిగిన యూదుడు. ఎర్లిక్ శిష్యునికి శిష్యుడు. 1933లో హిట్లర్ వచ్చినాక దేశం వదిలిపెట్టవలసి వచ్చింది. ఆయన దగ్గర నోయెల్ రోజ్ అనే కుర్రవాడు పనికి చేరినాడు. థైరాయిడ్‌లో ఉండే థైరోగ్లోబ్యులిన్ అనే ప్రొటీన్‌ను శుద్ధి చేయడం అతని పని. కుందేలు థైరాయిడ్ రసాన్ని రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందుతో కలిపి కుందేళ్ళకే ఎక్కించినాడు. ప్రతిరక్షకాలు పుట్టకూడదు. పుట్టినాయి. అయితే ఇవి వేరే కుందేళ్ళవి గదా అన్న అనుమానం తీరాలి. అందుకని ఒక కుందేలు థైరాయిడ్‌లో సగం తీసి, ఆ సగం రసాన్నే అదే కుందేలుకు ఎక్కించినాడు. అప్పుడూ పుట్టినాయి. మిగిలిన సగం గ్రంథిని తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, హషిమోతో 1912లో చూసిన దృశ్యమే. లింఫోసైట్ల గుంపులు.

విటెబ్‌స్కీకి ఇది నమ్మబుద్ధి కాలేదు. గురువుకు గురువు చెప్పిన మాటకు విరుద్ధం. మళ్ళీ చేయి, మళ్ళీ చేయి అన్నాడు. చాలాసార్లు చేసి, తప్పు ఎక్కడా లేదని తేలినాక 1956లో ప్రకటించినారు.

రెండోది లండన్‌లోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రి. డెబొరా డోనియాక్ అనే వైద్యురాలు హషిమోతో జబ్బు ఉన్నవాళ్ళ రక్తాన్ని గమనిస్తూ ఉంది. ప్రతిరక్షకాలు ఉండే గామా గ్లోబ్యులిన్ వాళ్ళలో ఎక్కువ. గ్రంథిని తీసేస్తే అది తగ్గుతా ఉంది. అంటే ఆ గ్రంథికీ ప్రతిరక్షకాలకూ ఏదో లంకె ఉంది. ఐవన్ రాయిట్ అనే జీవరసాయన శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. రోగి రక్తపు సీరంను, మనిషి థైరాయిడ్ రసాన్ని పక్కపక్కన పెట్టి చూద్దాము అన్నాడు. రెండూ కలిసినచోట తెల్లగా గడ్డకట్టింది. రోగి రక్తంలో రోగి గ్రంథి మీదే పనిచేసే ప్రతిరక్షకం ఉంది. పీటర్ క్యాంప్‌బెల్, వాన్ హడ్సన్‌లతో కలిసి ఆ ఏడు లాన్సెట్ పత్రికలో అచ్చు వేసినారు.

మూడోది ఎక్కడో దక్షిణాన, న్యూజిలాండ్‌లోని డునెడిన్. అక్కడ డంకన్ ఆడమ్స్, హెర్బర్ట్ పర్వెస్ ఇంకో జబ్బును పట్టుకొన్నారు. దీన్ని 1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్, 1840లో జర్మనీలో బాసెడో వివరించినారు. గ్రంథి ఎక్కువగా పనిచేసి, గుండె దడ, చేతుల వణుకు, బరువు తగ్గడం, కళ్ళు ముందుకు రావడం దాని లక్షణాలు. ఆ రోగుల సీరంను గినీపందులకు ఎక్కిస్తే వాటి థైరాయిడ్ కూడా ఎక్కువగా పనిచేసింది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే మామూలు ఆజ్ఞ అయితే త్వరగా పనిచేసి త్వరగా ఆగిపోతుంది. ఇది నిదానంగా మొదలై చాలాసేపు సాగింది. 1960లలో ఇది కూడా ప్రతిరక్షకమే అని తేలింది.

నాలుగోది మన కాంగ్రా. అదే సంవత్సరం, అదే గ్రంథి. ఒకవైపు అయోడిన్ లేక వచ్చే వాపును రామలింగస్వామి ఉప్పుతో ఎదుర్కొంటున్నాడు. ఇంకోవైపు అయోడిన్‌తో నిమిత్తం లేకుండా సొంత కాపలా వల్ల వచ్చే జబ్బును మిగతావాళ్ళు బయటపెట్టినారు. ఈ రెండు దారులూ కలిపి చూడకపోవడం వల్లనే మన గుంపులో ఆ ప్రశ్న వచ్చింది.

పాసు చూపించినా పట్టుకొంటే

రైల్వేలో గుమాస్తా పని చేసిన మాకు ఇది పాసు లెక్కలో అర్థమయింది. టికెట్ లేనివాణ్ణి పట్టుకోవడం తనిఖీవాళ్ళ పని. సొంత ఉద్యోగి దగ్గర పాసు ఉంటుంది, అతన్ని వదిలేయాలి. రోగనిరోధక వ్యవస్థ కూడా అంతే. ఒంట్లో ప్రతి కణం మీద ఒక గుర్తు ఉంటుంది. కాపలా కణాలకు తయారీలోనే పరీక్ష పెడతారు. సొంతదాన్ని పట్టుకొనే కణాలు చాలావరకు అక్కడే తొలగిపోతాయి. తప్పించుకొన్నవాటిని అదుపులో పెట్టడానికి వేరే కణాలు ఉంటాయి. ఈ రెండు కట్టడులూ తప్పితే, పాసు ఉన్న ఉద్యోగినే పట్టుకొని లోపల వేస్తారు.

హషిమోతో జబ్బులో లింఫోసైట్లు గ్రంథిలోకి చొరబడి హార్మోన్ తయారు చేసే కణాలను మెల్లమెల్లగా చంపుతాయి. ఏళ్ళ తరబడి జరుగుతుంది. ప్రతిరక్షకాలు థైరోగ్లోబ్యులిన్ మీద, ఇంకా టీపీఓ అనే ఎంజైమ్ మీద కనబడతాయి. ల్యాబు చీటీలో యాంటీ టీపీఓ అని రాసేది అదే. హార్మోన్ తగ్గేకొద్దీ పిట్యూటరీ గట్టిగా అరుస్తుంది. ఆ అరుపు పేరే టీఎస్‌హెచ్. అందుకే గ్రంథి మందగిస్తే టీఎస్‌హెచ్ అంకె పెరుగుతుంది. అంకె పెరిగితే థైరాయిడ్ ఎక్కువైందని మనవాళ్ళు అనుకొంటారు. అది తిరకాసు. యజమాని అరుపు పెరిగిందంటే పనివాడు నిదానించినాడని అర్థం.

గ్రేవ్స్ జబ్బులో ప్రతిరక్షకం చంపదు. పిట్యూటరీ ఆజ్ఞ తీసుకొనే తలుపు మీద అది కూర్చొని, నేనే యజమానిని అన్నట్టు ఆజ్ఞలు ఇస్తుంది. గ్రంథి ఆగకుండా పనిచేస్తుంది. ఇప్పుడు పిట్యూటరీ నోరు మూసుకొంటుంది, టీఎస్‌హెచ్ పడిపోతుంది. ఈ జబ్బు ఉన్న తల్లికి పుట్టిన బిడ్డలో ఒక్కోసారి ఇదే దడ కనబడి, కొన్ని వారాల్లో, నెలల్లో తగ్గిపోతుంది. తల్లి ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డలోకి పోయి, తర్వాత అరిగిపోవడమే కారణం. జబ్బు రక్తంలోని ప్రతిరక్షకం వల్లనే అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏమి కావాలి.

సభ్యులు అడిగిన ప్రశ్నలకు

ఆడవాళ్ళకే ఎందుకు ఎక్కువ? మగవాళ్ళతో పోలిస్తే వాళ్ళకు ఇది ఎన్నోరెట్లు ఎక్కువ, హషిమోతో నలుగురు రోగుల నుంచి అదే కథ. ఆడహార్మోన్లకూ ఎక్స్ క్రోమోజోమ్‌కూ ఇందులో పాత్ర ఉందంటారు. కాన్పు తర్వాతి నెలల్లో కూడా ఇది బయటపడవచ్చు. బాలింత నీరసం అని కొట్టిపారేయకుండా పరీక్ష చేయించండి. సోమరితనం, తిండిపోతుతనం అని ఇంట్లో మాట అనేవాళ్ళు ముందు టీఎస్‌హెచ్ చీటీ చూసి మాట్లాడండి.

వంశంలో వస్తుందా? జబ్బు రాదు, వచ్చే స్వభావం వస్తుంది. తల్లికి, అక్కకు ఉంటే మీరూ ఒకసారి చూపించుకోవడం మంచిది. ఒకే ఇంట్లో ఒకరికి థైరాయిడ్, ఇంకొకరికి చిన్నవయసు చక్కెర జబ్బు, మరొకరికి బొల్లి ఉండడం కూడా ఇందువల్లనే. ఇవన్నీ ఈ తప్పుపట్టిన కాపలా కుటుంబంలోనివే.

అయోడిన్ ఉప్పు మానేయాలా? వద్దు. అయోడిన్ మరీ ఎక్కువైనచోట ఈ ప్రతిరక్షకాలు కొంత పెరిగినట్టు చైనాలో, డెన్మార్క్‌లో జరిగిన పరిశోధనలు చెప్పినాయి. అందుకే మోతాదు లెక్కగా కలుపుతారు. మన చట్టం ప్రకారం ఇంటికి చేరే ఉప్పులో పది లక్షల భాగాలకు 15 భాగాల అయోడిన్ అయినా ఉండాలి. ఉప్పు మానేస్తే కాంగ్రా లోయ కథ మళ్ళీ మొదలవుతుంది, నష్టపోయేది కడుపులోని బిడ్డలు. కాని, డాక్టరు చెప్పకుండా సముద్రపు పాచి మాత్రలు, అయోడిన్ చుక్కలు మింగవద్దు.

ఇమ్యూనిటీ పెంచితే పోతుందా? పైన చెప్పినదంతా చదివినవాళ్ళకు జవాబు తెలిసే ఉంటుంది. ఇక్కడ కాపలాకు బలం తక్కువ కాలేదు. గుర్తింపు తప్పింది. పాసు ఉన్నవాణ్ణి పట్టుకొనే తనిఖీవాళ్ళ సంఖ్య పెంచితే ఏమవుతుంది? ఆ గుర్తింపును సరిదిద్దే మందు హషిమోతో జబ్బుకు ఇంకా రాలేదు. ఉన్నది, గ్రంథి చేయలేని పనిని మాత్రతో చేయించడం. అది తక్కువ మాట కాదు. మాత్రలో ఉన్నది మన ఒంట్లో తయారయ్యే హార్మోనే. పొద్దున పరగడుపున నీళ్ళతో వేసుకొని, కాఫీకి అరగంట నుంచి గంట ఆగాలి. ఇనుము, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం కావాలి. గర్భం నిలిచిందని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి, అప్పుడు మోతాదు సాధారణంగా పెంచవలసి వస్తుంది, నిలపకూడదు. గ్రేవ్స్ జబ్బుకు మందు వేరు. ఆ మందు వాడేవాళ్ళకు జ్వరం, గొంతునొప్పి వస్తే మామూలు జలుబు అనుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి పోయి రక్తపరీక్ష చేయించుకోవాలి.

మహిళా విభాగానికి మా మనవి ఒకటి. వచ్చే శిబిరంలో టీఎస్‌హెచ్ పరీక్షతో పాటు, ఎవరు మాత్ర నిలిపేసినారో కూడా మెల్లగా అడిగి తెలుసుకోండి. అడిగితే సిగ్గుపడతారు, దాచుకొంటారు. వదిన మరదళ్ళు, అక్కచెల్లెళ్ళు మాట్లాడుకొనేటప్పుడు బయటికి వస్తుంది. గుంపులో కషాయం సందేశం మళ్ళీ వస్తే, పంపినవాళ్ళను తిట్టకుండా ఈ వ్యాసాన్ని దాని కింద పెట్టండి. తెలుగు చదవడం రాని పిల్లలు ఉన్న ఇళ్ళలో పెద్దవాళ్ళు చదివి వినిపించండి. ఆ పేరుతో నాలుగు తెలుగు మాటలు కూడా వాళ్ళ చెవిన పడతాయి.